లేదన్న మాట

డాక్టర్ అరుణ్ తలుపు తోసుకుని లోపలికి రాగానే నీరజ లేచి నిలబడింది. చేతిలో పాలసీసా. పుంగనూరులో బస్సెక్కినప్పటి నుంచి దాన్ని కొంగులో చుట్టుకునే ఉంది.

"మా కుసుమ ఎట్లుండాదప్పా?"

అరుణ్ చేతిలోని కాగితాల వంక చూశాడు. "జ్వరం మెదడుకు ఎక్కిందమ్మా. ఫిట్స్ ఆగలేదు. మేం చేయగలిగిందంతా చేశాం."

"మీ మేలు మర్సిపోమప్పా. ఇంటికి ఎప్పుడు పిలుసుకోని పోవచ్చు?"

అరుణ్ కాగితాలు మడిచాడు. "అది కాదమ్మా... పాప లేదు."

"లేదా? పై వార్డుకు మార్చినారా?"

"అంటే... పోయిందమ్మా."

"యాడికి పోతాదప్పా? ఏడాది నిండని బిడ్డ, ఇంకా అడుగే ఎయ్యలా." నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. "పాలు సల్లారిపోతాండాయి. ఆకలికి ఏడుస్తాంటాది. యాడుండాదో సెప్పు, నేనే పోతాను."

అరుణ్ తలుపు వైపు చూశాడు. ఈయన కూడా పోతాడనుకుంది నీరజ.

పోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆమె ముఖంలోకి చూస్తూ మెల్లగా అన్నాడు.

"కుసుమ చనిపోయిందమ్మా."

నీరజ కూలబడింది. సీసా జారి నేల మీద దొర్లింది. అరుణ్ కుర్చీ వదిలి ఆమె పక్కనే కింద కూర్చున్నాడు. అక్కడి నుంచి లేవలేదు.

కాసేపటికి వెనక బల్ల మీద పెన్ను తట్టిన చప్పుడైంది.

"ఐదు నిమిషాలు అసలు మాట చుట్టూ తిరిగావు అరుణ్," అంది ప్రొఫెసర్ గంగాదేవి. "చనిపోయిందన్న మాట మొదటే చెప్పాలి. లేదు, పోయింది అంటే తల్లి వెతుక్కుంటుంది. తర్వాత ఎవరు?"

చావు కబురు ఎలా చెప్పాలో కుర్ర డాక్టర్లకు నేర్పే క్లాసు అది. తల్లి వేషం వేయడానికి నీరజ కుప్పం రావడం ఇది నాలుగోసారి.

తర్వాతి వంతు మరో కుర్ర డాక్టరు రోజాది. వస్తూ వస్తూ సీసా తీసి అందించింది. "భలే నటిస్తావక్కా. సీసా కూడా ఇంటి నుంచే తెచ్చుకుంటావా?"

నీరజ తలూపింది. కళ్లు తుడుచుకున్న కొంగుతోనే సీసానూ తుడిచి, మళ్లీ చేతిలో పట్టుకుంది.

మూడేళ్ల కిందట మదనపల్లెలో ఒక డాక్టరు 'పాప లేదమ్మా' అని వెళ్లిపోయాక, ఏ వార్డుకు మార్చారో చెప్పేవాళ్లు లేక, పొద్దు గూకేదాకా ఆమె ఆసుపత్రి మెట్ల మీద పట్టుకు కూర్చున్న సీసా అది.