రాయి మీద గీత

జీన్ ప్యాంటు వేసుకున్న ఆ పిల్ల ఇనుప రింగును నేలలో దిగగొట్టి, అందులో బిందెడు నీళ్లు పోసి, గడియారం చూస్తూ కూర్చుంది.

నీరటి వీరస్వామికి నవ్వాగలేదు.

"ఏంది బిడ్డా, భూమికి నీళ్లు తాపుతున్నవ్?"

"ఎంతసేపట్ల తాగుతదో చూస్తున్న తాతా."

"దూపైతే అదే అడుగుతది తియ్యి!"

బచ్చన్నపేట మండలంలోని ఆ ఊరి చెరువు కాపలా, పొలాలకు నీళ్లు వదిలే పని ముప్పై ఏళ్లుగా అతనివే. చెరువులో ఒక బండ, దాని మీద గీత. ఎప్పుడో గంగి అనే నీరటి కొట్టింది. ఆమె పేరెత్తితే వీరస్వామి చెప్పులు విడుస్తాడు. నీళ్లు గీతను తాకితే మర్నాడు చెరువు నిండి, అలుగు మీంచి పొర్లి మత్తడి దుంకుతుంది. ఆలోగా దిగువనున్న పద్నాలుగు ఇళ్లూ ఖాళీ కావాలి. ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఎవరూ అడక్కపోయినా ఈ సంగతి అతను చెబుతాడు.

పిల్ల ల్యాప్‌టాప్ అతనివైపు తిప్పింది.

"గుట్ట కింద ప్లాట్లు పడ్డయి, సిమెంటు రోడ్లు పోసిండ్రు. నేల మునుపటి తీరు తాగుతలేదు, వాననీళ్లు సీదా చెరువుకే ఉరుకుతున్నయి. వాన, వాలు, మట్టి అన్ని లెక్కగట్టిన. ఈసారి గీత తాకినంక నాలుగు గంటలకే మత్తడి దుంకుతది."

"నీ డబ్బ ఎన్ని వానలు చూసింది?"

"ఒక్కటి గూడ చూడలే."

"నేను ముప్పై ఏండ్ల వానలు చూసిన. పో బిడ్డా, జనగామ బస్సు పోతది."

ఆమె నవ్వి, రింగు చంకన పెట్టుకుని దిగువ ఇళ్లవైపు నడిచింది.

మూడోనాడు తెల్లవారుతూనే వాన దంచికొట్టింది. పదింటికి నీళ్లు గీతను తాకాయి.

"రేపటిదాక ఫికర్ లేదు. తిని పండుకోండ్రి!" అని వీరస్వామి ఊళ్లో చాటి, తానూ ఆ పనే చేశాడు.

రెండింటికి మత్తడి దుంకింది.

ఆ హోరుకు లేచి దిగువకు ఉరికాడు. ఇళ్ల మధ్య నడుముల్లోతు నీళ్లు. పద్నాలుగు తలుపులకూ తాళాలు.

జనమంతా మిట్టమీది బడిలో ఉన్నారు, మేకలతో సహా. దిగువ ఇళ్ల ఓదెమ్మ అందరికీ మక్క గుడాలు ఉడకబెడుతోంది.

వీరస్వామి తడి పంచె పిండుకుంటూ ఆమె పక్కన కూర్చున్నాడు. "ఎప్పుడొచ్చిండ్రక్కా?"

"గీత తాకంగనే. ఆ పిల్ల ఇల్లిల్లు తిరిగి చెప్పిపోయింది."

"నా ముప్పై ఏండ్ల మాట ఇడిసి, ఆ డబ్బను నమ్మిండ్రా?"

"డబ్బ ఎవలికి సమజైంది తమ్మీ?" ఓదెమ్మ గుడాల గిన్నె అతని ముందుకు జరిపింది. "ఎవలింటి పిల్లవని నువ్వు అడగనేలేదట గదా. మేం ముందు గదే అడిగినం."

"ఏమన్నది?"

ఓదెమ్మ ఆ పిల్లలాగే తల కాస్త పైకెత్తింది.

"'మా ముత్తవ్వ గంగి కొట్టిన గీత, నేను గాక ఎవలు సక్కజేస్తరు?' అన్నది."