సర్వే వెళ్ళని ఇల్లు

తన వీడ్కోలు సభలో ప్రొఫెసరమ్మ మళ్ళీ నాణెం కథే చెప్పింది.

ముప్పై ఏళ్ళుగా చెబుతున్నదే. అప్పట్లో ఆమెకు కొత్త ఉద్యోగం. ఊరి చివర పేటలో రెండు వీధులు, వీధికో నీళ్ళ ట్యాంకు. నీళ్ళలో కలిపే మందు ఆ ఏడాదికి ఒక్క ట్యాంకుకే సరిపోతుంది. పై వీధివాళ్ళు ముందొచ్చి అడిగారు, కింది వీధివాళ్ళు గట్టిగా అడిగారు. ఎవరికీ అన్యాయం జరగకూడదని ఆమె సంచీలోంచి నాణెం తీసి ఎగరేసింది. బొమ్మ పడింది. పై వీధికి మందు. కింది వీధి ఏడాది ఆగాలి.

"ఆ బొమ్మే నన్ను ప్రొఫెసర్ని చేసింది" అని ఎప్పటిలాగే ముగించింది. సభ ఎప్పటిలాగే నవ్వింది.

ఆ నవ్వుల మధ్య గుమ్మం దగ్గర చీటీలావిడ కనబడింది. ప్రొఫెసరమ్మకు ప్రాణం ఉసూరుమంది.

ఆ రెండు వీధుల పిల్లలు ఎలా ఉన్నారో ఏటా చూసే సర్వే మొదలయ్యే ముందు ఈవిడ దిగబడుతుంది. తన ఈడుదే, కానీ పదేళ్ళు పెద్దదానిలా కనిపిస్తుంది. పేటలో ఎవరు ఇల్లు మారారో, ఏ ఊళ్ళో ఏ సందులో తేలారో ఎవరిచేతో చీటీ మీద రాయించుకొస్తుంది. ఇంత చాకిరీ ఊరికే ఎవరు చేస్తారు? ఏదో ఒకరోజు ఆయా పని ఇప్పించమంటుందని ప్రొఫెసరమ్మ ఏళ్ళుగా కాచుకుని ఉంది. కాదనడానికి మాట కూడా సిద్ధం చేసుకుంది. ఆవిడ అడిగి చావదు. చీటీ పుచ్చుకుని, టీ ఇచ్చి పంపెయ్యమని అటెండరుకు చెప్పడం అలవాటైపోయింది.

"ఏమ్మా, ఇవాళ కూడానా?"

"మూడు వందల తొమ్మిదో నంబరు అమ్మాయి దొరికిందమ్మా. పెళ్ళయి ఓడరేవు దగ్గర ఉంటోంది. ఇంటి గుర్తులన్నీ ఇందులో ఉన్నాయి."

అప్పటి నాలుగు వందల మంది పిల్లల్లో ఏమైందో తెలియనిది ఆ ఒక్కతే. అయినా ప్రొఫెసరమ్మ చీటీని చూడకుండానే సంచీలో పడేసుకుంది. చేతుల నిండా పూలగుత్తులు, బయట కారు.

ఆవిడ కదల్లేదు.

"ఇంకేమిటి?"

"మా ఇంటికి సర్వేకి రావట్లేదమ్మా. ముప్పై ఏళ్ళయింది. ఒక్కసారి వస్తారేమోనని."

ఓహో, ఇదా సంగతి అనుకుంది ప్రొఫెసరమ్మ. కొత్త ఇళ్ళు చేర్చుకోవడం కుదరదని చెప్పి, సోమవారం ఆఫీసులో కనబడమంది. సోమవారానికి ఆ గదిలో తను ఉండదని తెలిసే అంది.

ఆవిడ తలూపి, దగ్గుకుంటూ మెట్లు దిగిపోయింది.

రెండు వారాల తర్వాత సర్వే సూపర్‌వైజరు ఇంటికొచ్చాడు. ఓడరేవు అమ్మాయి నిజంగానే దొరికిందట.

"నాలుగు వందలకు నాలుగు వందలు, మేడమ్."

ఇలాంటి పనిలో పదేళ్ళు తిరిగేసరికి సగం మంది చేతికి దొరకరు. ఆమె పుస్తకాలు, పదవి, శాలువాలు అన్నీ ఈ లెక్క చెదరకపోవడం మీద నిలబడ్డవే. అంతా మా సిబ్బంది చలవ అని ప్రతి సభలోనూ చెప్పేది.

సూపర్‌వైజరు కాసేపు నసిగాడు. "నిజం చెప్పాలంటే మేడమ్, ఇల్లు మారినవాళ్ళ అడ్రసులు మేం పట్టుకున్నవి తక్కువ. మిగతావన్నీ ఆ చీటీలావిడ తెచ్చినవే."

ప్రొఫెసరమ్మకు సిగ్గేసింది. అచ్చుకు వెళ్ళబోతున్న పుస్తకం మొదటి పేజీలో ఆవిడ పేరు వెయ్యాలనుకుంది. ఆ పేరు సూపర్‌వైజరుకూ తెలియదు.

సర్వేలో ఉన్న ఎవరి తల్లో అయివుంటుందని ఇద్దరూ కూర్చుని సర్వే ఇళ్ళ కార్డులు తిరగేశారు. ఇరవై ఏళ్ళుగా ఆ తల్లులందరి గడపా తొక్కినవాడు అతను. ఏ కార్డు తీసినా ఈ తల్లి కాదు, ఈ తల్లీ కాదు అంటూ వచ్చాడు. సాయంత్రానికి కార్డులు అయిపోయాయి. ఆవిడ మాత్రం తేలలేదు.

మర్నాడు పేటకు వెళ్ళి వాకబు చేస్తే కింది వీధి కొసన ఒక గది చూపించారు. తలుపు తీసింది ఆవిడ అక్క.

"మొన్న బుధవారం పోయిందమ్మా. ఊపిరితిత్తులన్నారు. మీరు రమ్మన్న సోమవారం మీ ఆఫీసుకొచ్చి, మీరు లేరంటే తిరిగొచ్చింది."

ప్రొఫెసరమ్మ చెప్పులు విడిచి గుమ్మంలోనే కూర్చుంది. తను ఆడిన అబద్ధం కోసం ఆ మనిషి అంత దగ్గుతో మెట్లెక్కింది.

"నీకెందుకే ఈ తిరుగుడు అని నేను తిట్టేదాన్ని" అంది అక్క. "ఒక్కళ్ళు జారిపోయినా లెక్క చెల్లదే అక్కా, అప్పుడు మనది ఊరికే పోయినట్టు అనేది."

ఒక్కళ్ళు జారిపోయినా లెక్క చెల్లదు. మొదటి ఏడాది ట్యాంకు పక్కన నిలబడి తల్లులందరికీ ఆ మాట చెప్పింది ప్రొఫెసరమ్మే.

"మనది అంటే?"

అక్క లోపలికి వెళ్ళింది. అద్దం వెనక నుంచి రంగు వెలిసిన అట్టముక్క తీసి చేతిలో పెట్టింది. సర్వేలో ఇంటింటికీ ఇచ్చిన నంబరు కార్డు. రెండు వందల పన్నెండు.

నిన్న తిరగేసిన కార్డుల్లో ఆ నంబరు లేదు. ఉండదు కూడా. కొన్ని కార్డులు వేరే కట్టగా కట్టేశారు. ఆ ఇళ్ళకు మళ్ళీ వెళ్ళనక్కర్లేదని మొదటి ఏడాదే నియమం రాసిందీ ఆమే.

ఇంటికొచ్చి ఆ కట్ట తాడు విప్పింది.

అన్నిటికన్నా అడుగున, రెండు వందల పన్నెండో కార్డు మీద, ఎర్రసిరాతో, తన చేతిరాతే ఉంది: కింది వీధి, ఆడపిల్ల, పదకొండు నెలలు, వాంతులు, విరేచనాలు, మొదటి మరణం, ఇక ఈ ఇంటికి వెళ్ళనక్కర్లేదు.