చాచని చెయ్యి

ఇన్నాసమ్మ టీ గ్లాసు పట్టుకునే తీరు చూస్తే పేరమ్మకు ఒళ్లు మండేది.

రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగేది, గ్లాసుకు ఎక్కడ నొప్పి పుడుతుందో అన్నట్టు. ఆ చేతులకు ఎప్పుడూ తెల్లటి తొడుగులే.

ఆమె అసలు పేరు ఇనెస్. దసరా సెలవుల్లో కూలీల పిల్లలను చూసుకుంటానని పోర్చుగల్ నుంచి వచ్చింది. గుంటూరు శివార్లలో, కోల్డ్ స్టోరేజీ పక్కన, మిరపకాయల తొడిమలు తీసే షెడ్డు అది. అక్కడి ఆడవాళ్లకు ఆ పేరు నోరు తిరగక ఇన్నాసమ్మను చేసేశారు. పేరమ్మకు మాత్రం ఆమె దొరసానే.

పిల్లలకు సాయంత్రం బడి నడిపే స్తుతి ఇంట్లో ఆమె బస. ఎవరితో ఏం మాట్లాడాలన్నా స్తుతే తెలుగు చేసి చెప్పాలి.

మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక ఇన్నాసమ్మ కూలీల మధ్య కూర్చుని తనూ తొడిమలు తీసేది. కాయ చేతిలో నిలిచేది కాదు. ఘాటుకు దగ్గేది, తుమ్మేది. పక్కవాళ్లు బుట్ట నింపేసరికి ఆమె గుప్పెడు తీసేది. అందరూ నవ్వితే తనూ నవ్వేది.

పేరమ్మ నవ్వేది కాదు. ఆమె భయం ఆమెది. ఏళ్ల తరబడి కారంలో నాని ఆమె వేళ్లు చిట్లిపోయాయి. ఎగుమతి సరుకు కాబట్టి మేస్త్రీ అంకమ్మరావు చూశాడంటే పనిలో ఉంచడు. మొగుడు పోయాక ఆ వేళ్లే ఆమెకు అన్నం పెడుతున్నాయి. అందుకే భోజనాల వేళ అందరికీ వీపు పెట్టి కూర్చునేది.

మిరపకాయ మీద రక్తం కనపడదు. అదొక్కటే ఆమె అదృష్టం.

ఒకరోజు ఇన్నాసమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఎవరూ చూడకుండా ఒక కొత్త తొడుగుల జత ఆమె ఒళ్లో పెట్టింది.

పేరమ్మ చప్పున పిడికిళ్లు బిగించింది. ఇన్నాళ్లూ ఎవరికీ కనపడనిది ఈమె కళ్లకు ఎలా కనపడింది? ఆ జతను గోతాల మీదికి విసిరేసింది. ఇవేసుకుంటే తొడిమ వేలికి అందదని, కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట దొరసాని వేషాలు కుదరవని అందరికీ వినపడేలా అంది. సాయంత్రానికి ఎవరో వాటితో కాటా తుడిచేశారు.

ఆయుధపూజ రోజు ఆ కాటాకు, గోతాలు కుట్టే మిషనుకు, ట్రాలీ ఆటోకు అంకమ్మరావు బొట్లు పెట్టి బంతిపూల దండలు వేయించాడు. ఆడవాళ్లు ప్రసాదం కోసం వెనకాల నిలబడ్డారు.

వీళ్ల పనిముట్లు ఏవని ఇన్నాసమ్మ అడిగించింది. మాకేమున్నాయి, వేళ్లేనని ఎవరో చేతులు ఊపి నవ్వారు.

ఇన్నాసమ్మ పసుపు కుంకుమల పళ్లెం అందుకుంది. ఒక్కొక్కరినీ చెయ్యి చాచమని సైగ చేసి, వేళ్లకు పసుపు రాసి కుంకుమ పెట్టసాగింది. ఉంగరపు వేలితో పెట్టాల్సిన బొట్టు బొటనవేలితో పెడుతుంటే ముందు కిసుక్కుమన్నారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. వాళ్లతో పాటు పనిచేసే ఖుర్షిదా బొట్టు వద్దని పసుపు ఒక్కటే రాయించుకుని, తన చెయ్యి తనే చాలాసేపు చూసుకుంది.

పేరమ్మ వంతు వచ్చింది. పక్కనే అంకమ్మరావు నిలబడి ఉన్నాడు. చెయ్యి చాస్తే వేళ్లు విప్పాలి. విప్పితే ఆ పూటతో పని ఆఖరు.

పిడికిలి కొంగులో దాచుకుంది.

"మమ్మల్ని ముట్టుకోటానికి తొడుగు కావాలా?" అంది స్తుతితో. "తీసి పెట్టమను. అప్పుడిస్తా చెయ్యి."

తాకకుండా ఎత్తి నీళ్లు పోసిన ఇళ్లు ఆ ఆడవాళ్లందరికీ గుర్తున్నాయి. ఒకామె కొంగుతో వేళ్ల పసుపు తుడిచేసుకుంది. ఆమెను చూసి ఇంకొకామె.

స్తుతి ముఖం ఎర్రబడింది. ఏదో చెప్పబోతుంటే ఇన్నాసమ్మ భుజం మీద చెయ్యి వేసి ఆపింది. పళ్లెం కింద పెట్టి, తల వంచుకుని వెళ్లిపోయింది. సెలవులు ఇంకా మిగిలి ఉండగానే, మర్నాడు ఊరు విడిచింది.

పండగ అయ్యాక పేరమ్మ ఒక తెల్ల గోతం మీద చెయ్యి ఆనించింది. వేలిముద్రలు ఎర్రగా పడ్డాయి.

అంకమ్మరావు చెడ్డవాడేం కాదు, తిట్టలేదు. పుండ్లు మానాక రమ్మన్నాడు. అవి మానే చేతులు కావని ఇద్దరికీ తెలుసు.

తొడుగులుంటే ఇంకో షెడ్డులోనైనా వేళ్లు దాచుకోవచ్చు. సిగ్గు విడిచి స్తుతి ఇంటికి వెళ్లింది. వరండాలో తీగ మీద ఒక జత కనపడింది, ఇన్నాసమ్మ తీసుకెళ్లడం మరిచిపోయినట్టుంది. ఎంత ఉతికినా కుడిదాని బొటనవేలికి పసుపు మరక పోలేదు.

"అవి నీకు పనికిరావు పిన్నీ," అంది స్తుతి.

కోపంతో అంటోందనుకుంది పేరమ్మ. ఉండాల్సిన కోపమే. అయినా కుడిచేతి తొడుగు లాగి చెయ్యి దూర్చింది. బొటనవేలు వెళ్లింది, చిటికెనవేలు వెళ్లింది. మధ్య మూడు వేళ్లూ దేనికో తగిలి ఆగిపోయాయి. అక్కడ దూది కుక్కి, జారిపోకుండా కుట్టేసి ఉంది.

చెయ్యి అలాగే ఉంచి పేరమ్మ తలెత్తింది.

"తెలిస్తే జాలిపడతారు, పక్కన కూర్చోనివ్వరని నన్ను చెప్పనివ్వలేదు," అంది స్తుతి. "ఆమె దొరసాని కాదు పిన్నీ, చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో కూలిమనిషి, ఈ మూడు వేళ్లూ మిషన్లో పోయాక ఆమెనీ పనిలోంచి తీసేశారు."