రెండు తలుపుల గాలి

"ఆ తలుపు మూసిందెవరు?" అని గావుకేక పెట్టాడు సామాను దించే రాడోయే.

గోదాములోకి తెచ్చిన లారీకి ఆనించిన చెక్క పక్కన వెల్లకిలా పడున్నాడు. ఒంటి నిండా వెనిగర్ మిరపకాయలు, చుట్టూ పగిలిన సీసాలు. కాలు తిరగకూడని వైపు తిరిగింది. పెట్టె పట్టుకుని దిగుతుంటే గోదాము వెనక తలుపు ధడాల్న మూసుకుంది. చీకట్లో అడుగు చెక్క మీద కాకుండా గాల్లో పడింది.

"నేనే," అంది స్టోరు చూసే వుకోసావా, జులై ఎండల్లో మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకుంటూ.

మర్నాడు లేబర్ ఆఫీసు నుంచి తనిఖీకి స్పోమెంకా మేడమ్ వచ్చింది. తప్పు గోదాముదైతే రాడోయేకి కాలు బాగయ్యేదాకా జీతంతో సెలవు. తప్పు అతనిదే అయితే ఉద్యోగం ఊడినట్టే. ఆ రెండోది జరగాలని ఓనరు తిహొమిర్ పొద్దున్నే చర్చిలో కొవ్వొత్తి వెలిగించొచ్చాడు.

"తాగున్నాడు మేడమ్!" అన్నాడు ఓనరు.

"మీరు పోయిస్తేగా!" కట్టు కట్టిన కాలు పెట్టె మీద చాపుకుని అరిచాడు రాడోయే. "పదేళ్లలో ఒక్క కాఫీ ఇప్పించిన పాపాన పోలేదు."

"ఇద్దరూ నోరు ముయ్యండి," అంది మేడమ్. "ఏమ్మా వుకోసావా, మనిషి బరువుతో దిగుతుంటే తలుపెందుకు మూశావు?"

వుకోసావా బావురుమంది. "ముందు తలుపూ బార్లా తీసుంది, వెనక తలుపూ బార్లా తీసుంది. మధ్యలో ప్రొమాయా, రెండు తలుపుల గాలి, మేడమ్! ఆ గాలంతా నా మెడ మీంచే. వీడి చొక్కా చూస్తే చెమటకి తడిసి ముద్దయింది. గాలి కొట్టి ఛస్తాడని పరిగెత్తి మూశాను."

ఓనరు సిలువ గుర్తు వేసుకున్నాడు. మేడమ్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. వాళ్లమ్మకి చెవుడొచ్చినా, మామగారికి మూతి వంకరపోయినా, చెల్లెలు విడాకులు తీసుకున్నా ఆ గాలి వల్లేనని ఆవిడ నమ్మకం.

"రెండు తలుపులూ ఒకేసారి తీసిందెవరు?" అంది గొంతు తగ్గించి.

రాడోయేకి ప్రాణం లేచొచ్చింది. ఇక ఓనరు పని అయిపోయిందనుకున్నాడు.

"నేనే మేడమ్! ఈ గుహలో ఒక్క దీపం వెలగదు. వెలుతురు కోసం నేనే తీశాను. రాసుకోండి!"

మేడమ్ చకచకా రాసి కాగితం అతని ముందుకి తోసింది.

"సంతకం పెట్టు. తప్పు పూర్తిగా నీదే. కాలితో పోయింది, సంతోషించు."