ఒక్కో రేకుదీ ఒక్కో మెరుపు

"చెయ్యి తియ్యి!"

డెల్బర్ట్ అరుపుకు హాల్లో సగంమంది తలలు తిప్పారు.

అప్పటికే ఆలస్యమైంది. ముసలాయన చూపుడువేలు విమానం రెక్కమీద ఆననే ఆనింది. అద్దంలాంటి వెండిరంగు మీద వేలిముద్ర తీరుగా పడి కూర్చుంది.

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలోని జోన్స్‌బరోలో ఏటా జరిగే విమాన నమూనాల పోటీ అది. డెల్బర్ట్‌కి ఊళ్ళో బార్బర్ షాపు ఉంది. షాపు కట్టేసి ఇంటికొచ్చాక, ఎనిమిది నెలలపాటు కూర్చుని, మూరెడు పొడవున్న బి-17 బాంబరుకు ఉత్త అల్యూమినియం రేకు తళుకు తెప్పించాడు. అడుగున నల్లరంగు, దానిమీద పలచగా వెండిరంగు, ఆపైన పాత బనీనుగుడ్డతో రుద్దుడే రుద్దుడు. రెండో ప్రపంచయుద్ధంలో వాళ్ళ బాబాయి ఎక్కిన విమానం అది. ముక్కుమీది 'మిస్ క్లోవర్' అన్న పేరూ, తోకమీది నంబరూ సహా దించేశాడు.

లోహపు మెరుపు విభాగంలో అతనికి వరసగా అయిదేళ్ళు రెండో బహుమతే. మొదటిది ప్రతిసారీ పళ్ళ డాక్టర్ రాయిస్‌ది.

న్యాయనిర్ణేతలు రావడానికి ఇంకా గంట ఉంది.

"ఏమనుకోకు అబ్బాయ్. చూసి ఆగలేకపోయాను," అన్నాడు ముసలాయన.

"చూడ్డానికి కళ్ళున్నాయిగా పెద్దాయనా! వేళ్ళతో చూస్తారా ఎవరైనా?"

పక్కబల్ల దగ్గర రాయిస్ కిసుక్కున నవ్వాడు. "పోనీలే డెల్బర్ట్. ఏటా రెండోదేనా అని నువ్వేగా ఏడుస్తావ్. ఈసారి ఆ బాధ తప్పించాడు."

డెల్బర్ట్ గుడ్డ తీసి రుద్దాడు. ముద్ర పోయింది. దాంతోపాటు మెరుపూ పోయింది. ఆ ఒక్క రేకూ మసకబారింది.

"అయిపోయింది," అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

ముసలాయన కదల్లేదు. ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు.

"ఇప్పుడు బాగుంది."

"ఏంటి బాగుండేది?"

"ఆ మసక రేకు. మిగతాదంతా కొత్త చెంచాలా ఉంది. అసలు విమానంలో ఏ రెండు రేకులూ ఒకలా మెరవవు అబ్బాయ్. చెక్కకున్నట్టే రేకుకీ ఒక గీత ఉంటుంది. ఒకటి నిలువుగా బిగిస్తే దాని పక్కది అడ్డంగా బిగించేవాళ్ళు. ఎండ ఒకటే, మెరుపులు రెండు."

డెల్బర్ట్ అనుమానంగా చూశాడు. "మీరు నడిపారా వీటిని?"

"నిచ్చెనెక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయి."

"పోనీ, కట్టారా?"

"లేదు. ముందా గుడ్డ అందుకో. టైము పోతోంది."

ఇంకా చెడేదేముందిలే అనుకుని డెల్బర్ట్ గుడ్డ అందుకున్నాడు.

"ఇది నిలువు... ఇది అడ్డం... దీన్ని మెరిపించకు, మెకానిక్కులు బూట్లతో తొక్కే చోటు. అదేంటి, పొగగొట్టం వెనక అంత నలుపు? బొగ్గుబండా ఇది? ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమరంగు, చివర కాస్త నీలిఛాయ."

డెల్బర్ట్ రంగుపొళ్ళ డబ్బాలు ఒక్కొక్కటే తెరిచాడు.

"చెయ్యి తేలికగా ఉంది. ఏం పని నీది?"

"గడ్డాలు గీస్తాను."

"మరింకేం! ఇదీ అంతే. ఎటు మొలిస్తే అటు గియ్యి."

డెల్బర్ట్‌కి నవ్వాగలేదు. చూస్తున్నవాళ్ళూ నవ్వారు. అప్పటికే బల్ల చుట్టూ పదిమంది చేరారు.

ముప్పావుగంట గడిచింది. ఎవరో కిటికీ తెర పక్కకి లాగారు. ఎండ వచ్చి రెక్కమీద పడింది.

డెల్బర్ట్ ఒకడుగు వెనక్కి వేసి చూశాడు. బల్లమీద ఉన్నది బొమ్మలా లేదు. నిజం విమానమే పచ్చికలో నిలబడి ఉంటే, దూరం నుంచి చూస్తున్నట్టుంది.

రాయిస్ వచ్చాడు. చూశాడు. "ఓరి నీ..." అని, తర్వాతి మాట మింగేసి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

న్యాయనిర్ణేతలు టార్చిలైటు వేసి దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. రెండోసారి టార్చి ఆర్పేసి ఊరికే చూస్తూ నిలబడ్డారు.

మొదటి బహుమతి డెల్బర్ట్‌దే!

ముందుగా చప్పట్లు కొట్టింది రాయిసే. "వచ్చే ఏడు ఆ ముసలాయన నా బల్ల దగ్గర కూర్చోవాలి, ముందే చెబుతున్నా," అన్నాడు కౌగిలించుకుంటూ.

కప్పు పట్టుకుని డెల్బర్ట్ హాలంతా వెతికాడు. ముసలాయన లేడు. బయటికి పరిగెత్తాడు. పాత పికప్ ట్రక్కు ఒకటి అప్పుడే రోడ్డు మలుపు తిరుగుతోంది. కప్పు పైకెత్తి ఊపాడు. ట్రక్కు ఆగలేదు.

గుమ్మం దగ్గర బల్ల వేసుకుని పేర్లు రాసుకునే విల్మా అతన్ని చూసి నవ్వింది.

"ఓర్వల్ కోసమా? ఇప్పుడే వెళ్ళాడు. పెకాన్ పప్పుల తీపి రొట్టె రెండు ముక్కలు తిన్నాడు."

"పేరన్నా అడగలేదు విల్మా. పైగా అందరి ముందూ అరిచాను. ఎవరాయన?"

"పొద్దున నువ్వు నింపిన కాగితంలో తోక నంబరు చూసి, ఆ విమానం ఏ బల్లమీద ఉందని నన్నడిగి మరీ వచ్చాడు. అలాంటి నంబర్లు నోటుబుక్కు నిండా రాసుకున్నాడాయన."

"ఎందుకు?"

విల్మా చేతిలో పెన్ను కింద పెట్టింది.

"యుద్ధం అయ్యాక సైన్యం వద్దనుకున్న బాంబర్లని మన పక్కూరి పాత విమానాశ్రయంలో కరిగించేశారు కదా, అప్పట్లో మీ బాబాయి విమానాన్ని ముక్కలు కోసి కొలిమిలో వేసింది ఆయనే, ఇవాళ ఆ నంబరు పక్కన 'తిరిగొచ్చింది' అని రాసుకుని, ఈల వేసుకుంటూ పోయాడు."