ఓడిల్ కుర్చీ

“మంటని అద్దాల పెట్టెలో పెట్టి చూసుకోడానికి అదేమన్నా చేపపిల్లా?” అన్నాడు ఫెర్నాన్, గోడపొయ్యి పక్కనున్న తన కుర్చీలోంచి కదలకుండా.

జూరా కొండల మంచు బూట్ల నుంచి దులుపుకుని, పొయ్యిల మేస్త్రీ మేలిస్ టేపు తీసింది. “గోడపొయ్యిలో ఈ అద్దం తలుపున్న ఇనప పెట్టె దూరిస్తే సగం కట్టెలు చాలు బాబాయ్. ఇప్పుడు మీ వేడంతా పొగగొట్టంలోంచే పోతోంది. ఊళ్లో ఇళ్ల కప్పులమీదంతా మంచే, మీ గొట్టం చుట్టూ మాత్రం కాకులు చలి కాచుకుంటున్నాయి.”

“మా తాత కాలంనుంచీ ఇదే మంట. ఎవరికీ చలెయ్యలేదు, ఇదిగో ఈవిడకి తప్ప. ఈవిడ ఒంట్లో రక్తమెక్కడిది, మంచునీళ్లే!”

కిటికీ పక్కన శాలువాలో ముడుచుకుని బంగాళాదుంపలు చెక్కుతున్న అతని భార్య ఓడిల్ తలెత్తలేదు. నలభై ఏళ్లుగా వింటున్న మాటే.

“ఏ సైజు కావాలో తేలాలంటే ఆ కిటికీదాకా వేడి వస్తోందో లేదో తెలియాలి,” అంది మేలిస్. “కాసేపు పిన్ని కుర్చీలో కూర్చోండి బాబాయ్. చలేస్తే చెప్పండి.”

“చలా! నాకా!” ఫెర్నాన్ కోటు విప్పి మరీ వెళ్లి కూలబడ్డాడు. శాలువా అక్కడే వదిలేసి, ఓడిల్ వచ్చి అతని కుర్చీలో కూర్చుంది.

కొలతలు సగం కాకముందే ఫెర్నాన్ చేతులు చంకల్లో దూర్చుకున్నాడు. పూర్తయ్యేసరికి శాలువా అతని భుజాలమీదికెక్కింది.

“ఏ పెట్టె రాసుకోను బాబాయ్?”

“ఈ కుర్చీదాకా వేడొచ్చేది,” గొణిగాడు ఫెర్నాన్. “రేపే పెట్టెయ్.”

ఓడిల్ మంటవైపు కాళ్లు చాపుకుంది.

“తొందరేం లేదమ్మా, వచ్చే చలికాలానికి చూద్దాం. ఆయన ఒంట్లో బోలెడు రక్తముంది.”