అన్నీ తెలిసినవాడు

"ఇంకొక్కసారి చెప్పండి. మొహం కాస్త ఇటు తిప్పి," అన్నాడు టీవీ విలేకరి.

ఫోటోలకు ఫ్రేములు కట్టే ఆ మనిషి తన కొట్టులోనే, అద్దం ముక్కల మధ్య నిలబడి, ఇంకొక్కసారి చెప్పాడు.

"చిన్నీ, ఎక్కడున్నా ఒక్క ఫోన్ చెయ్యమ్మా. నాన్న ఏమీ అనడు."

పక్కనున్న భార్య కూతురి ఫోటోను గుండెకు అదుముకుని అలా చూస్తూ ఉండిపోయింది. నర్సింగు చదివే పిల్ల పొద్దున్నే క్లాసుకని వెళ్ళి తిరిగి రాలేదు. ఊళ్ళో అందరి ఫోటోలకూ ఫ్రేములు కట్టినవాడు ఆ ఒక్క ఫోటోకు మాత్రం కట్టనన్నాడు. గోడకెక్కితే ఇక దిగదన్నాడు.

సాయంత్రానికల్లా ఊరు ఊరంతా ఆ ఒక్క మాట పట్టుకుంది. నాన్న ఏమీ అనడట. అంటే ఇదివరకు ఏదో అన్నాడన్నమాట. ప్రేమ వ్యవహారమని ఒకరు, తల్లి కంట తడైనా లేదేమని ఇంకొకరు. మొహం చూపించని వాళ్ళంతా ఫోన్లలో తలో రాయీ వేశారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు.

ఆ తర్వాత అందరూ మరిచిపోయారు. తల్లికి దాంతో ఇంకా భయం వేసింది. భర్త రోజూ స్టేషన్‌కు వెళ్ళి కూర్చునేవాడు. ఏదైనా తెలిస్తే కబురు చేస్తాం, పొమ్మనేవారు. టీవీ వాళ్ళు కొత్త సంగతి ఉంటేనే రమ్మన్నారు. వీధి గోడల మీద అంటించిన చిన్ని బొమ్మ వానకు తడిసి, ఎవరిదో కూడా తెలియకుండా పోయింది.

సరిగ్గా అప్పుడు ఫోన్లలో రాయడం మొదలుపెట్టాడు వాడు. పేరు లేదు, ఊరు లేదు. 'అన్నీ తెలిసినవాడు' అని పెట్టుకున్నాడు. కొట్టు వెనక గదిలో ఏముందో ఆ తండ్రినే అడగండి అని రాశాడు.

ఆ రాత నోటికీ చెవికీ పాకి ఊరంతా గుప్పుమంది. మర్నాడే పోలీసులొచ్చారు. చెక్క బద్దలు పేర్చుకునే వెనక గది నేలంతా తవ్వారు. ఆ బద్దలన్నీ భర్తే ఒక్కొక్కటీ మోసి పక్కన పెట్టాడు. ఏమీ దొరకలేదు.

కొన్నాళ్ళకు వాడు మళ్ళీ రాశాడు. ఆ పొద్దున తండ్రీకూతుళ్ళను బస్టాండులో చూశానని, పిల్ల ఏడుస్తోందని. ఈసారి పోలీసులు బస్టాండు కెమెరాలన్నీ తిరగేశారు. చిన్ని కనిపించింది. ఒక్కతే. ఆకుపచ్చ సంచీ భుజాన వేసుకుని, ఒకసారి వెనక్కి చూసి, బస్సెక్కింది. ఆ ముక్క చూపించినప్పుడు తల్లి తెర మీద చెయ్యి పెట్టి, ఎంత చెప్పినా తియ్యలేదు.

ఇక వాడి నోరు మూతపడుతుందనుకుంది. వాడు వదల్లేదు. తండ్రి ఇంకో బస్సెక్కి పిల్లను వెంటాడి వెళ్ళాడని రాశాడు. పోలీసులు ఆ దారిలో ఉన్న ఊళ్ళన్నీ తిరిగారు. ఆసుపత్రులు, హాస్టళ్ళు గాలించారు.

చిన్ని జాడ మాత్రం తెలియలేదు. ఇటు కొట్టుకు గిరాకీ పోయింది. కన్నకూతుర్ని పొట్టన పెట్టుకున్నవాడి చేత పెళ్ళి ఫోటోలకు ఫ్రేములు ఎవరు కట్టించుకుంటారు? ఆయన సొంత అక్క కూడా గడప తొక్కడం మానేసింది. ఒకరోజు ఎవరో రాయి విసిరితే కొట్టు ముందరి అద్దం భళ్ళున పగిలింది. ఆయనే చీపురు తెచ్చి పెంకులు ఊడ్చుకున్నాడు. వేలు తెగి రక్తం కారుతున్నా ఊడుస్తూనే ఉన్నాడు.

వాడి రాతలు భార్యే పైకి చదివి వినిపించేది. చదివి, కసితీరా శాపనార్థాలు పెట్టేది.

"వీడి చేతులు పడిపోను. వీడి కడుపు కాలిపోను."

ఆయన తల వంచుకుని అంతా వినేవాడు. విని ఒక్కటే అడిగేవాడు.

"ఎంతమంది చూశారు?"

పరువు పోయిందని కుమిలిపోతున్నాడనుకుంది. కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేవాడు.

చివరికి తట్టుకోలేక, వాడి మీద ఫిర్యాదు ఇస్తానంది. వద్దులే అన్నాడాయన. నోట్లో నాలుక లేని మనిషివి కాబట్టే అందరూ నీ నెత్తినెక్కి తొక్కుతున్నారని కేకలేసి, ఒక్కతే వెళ్ళి ఇచ్చొచ్చింది.

వారం తిరిగేలోగా స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. ఈసారి భర్త కూడా వెంట వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ఆయన్ను బయట బల్ల మీద కూర్చోమని, ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. కుర్చీ చూపించాడు. మంచినీళ్ళు తెప్పించాడు. ఇన్నాళ్ళలో ఆ స్టేషన్‌లో ఆమెకు అంత మర్యాద ఎన్నడూ జరగలేదు.

"వాడెవడో తెలిసిందమ్మా. కానీ ఫిర్యాదు వెనక్కి తీసుకోండి," అన్నాడు.

ఎందుకని అడిగింది. ఇన్‌స్పెక్టర్ బల్ల మీది పెన్ను అటూ ఇటూ దొర్లించాడు.

"ఉన్నమాట చెప్పాలంటే, వాడి రాతలే లేకపోతే మీ అమ్మాయి ఫైలు ఎప్పుడో అటకెక్కేది. జనం గోల పెట్టినప్పుడల్లా పైవాళ్ళు మమ్మల్ని తిట్టారు. తిట్టినప్పుడల్లా కదిలాం."

ఆమె ససేమిరా అంది.

"కేసు లేకపోతే పోనీండి సార్. ఒక్కసారి వాణ్ణి నా ముందు నిలబెట్టండి. కొట్టను, తిట్టను. నీకే ఒక ఆడపిల్ల ఉంటే ఇలా రాస్తావా నాయనా అని అడుగుతాను. అంతే. వాడికి పిల్లల్లేరా?"

"ఉందమ్మా, ఒక్కతే కూతురు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, తలుపు సందులోంచి బయట బల్ల మీద తల వంచుకుని కూర్చున్న ఆమె భర్తనే చూస్తూ, "ఆ పిల్లని మేం వెతకాలనే ఇవన్నీ తన మీద తనే రాసుకున్నాడు."